బండి నంబర్లు తీసేసిన కవిత

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం వైపు దిగితే అందరికీ తెలిసిన ఊరు. పదో నంబర్ వైపు దిగితే బోయిగూడ. ఆటోలను దాటుకుని కొంచెం లోపలికి నడిస్తే టింబర్ డిపోలు, తుక్కు గోడౌన్లు, కోత మిషన్ల చప్పుడు. అక్కడ ఒక స్నేహితుడి డిపో మీద ఖాళీ గది ఉంది. ఆదివారం పొద్దున రెండు గంటలు ఆ గదిలో ఏడెనిమిది మంది పిల్లలతో కూచుంటాను. వాళ్లు రాస్తారు. కొన్ని ఆదివారాలు రాయరు. కొందరికి ఆటిజం, కొందరికి ఏడీహెచ్‌డీ, ఇద్దరికి డిస్లెక్సియా. ఒకరికి ఏమిటన్నది డాక్టర్లు ఇంకా తేల్చలేదు. ఆదివారమే ఎందుకంటే ఆ రోజు మిషన్లు ఆగుతాయి. రంపం కూత మన చెవులకే కష్టం, ఈ పిల్లల్లో ఒకరిద్దరికి అది నేరుగా ఒంటి మీద నడిచినట్టు ఉంటుంది.

ఆ గదిలో నేను చేసిన ఒక పని గురించి చెప్పాలి. చేసి మూడేళ్లయింది. అది తప్పని అప్పుడే తెలిసింది కానీ, ఎలాంటి తప్పో అర్థం కావడానికి ఇంత కాలం పట్టింది.

అప్పటికి ఆ అబ్బాయికి పదమూడేళ్లు. మాటలు తక్కువ. ఉన్న మాటల్లో సగం రైల్వే స్టేషన్‌వి. ఇల్లు పట్టాలకు దగ్గర కాబట్టి పుట్టినప్పటి నుంచీ అనౌన్స్‌మెంట్లు వింటూ పెరిగాడు. గ్లాసు దొర్లి నీళ్లు ఒలికితే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటాడు. ఎవరైనా తన వంక చూడాలనుకుంటే "దయచేసి వినండి" అంటాడు. ఒక ఆదివారం ఒక పేజీ నిండా రాశాడు. మొత్తం ఇక్కడ ఇవ్వను, వరుస ఇలా ఉంటుంది: 12704 ఫలక్‌నుమా. దయచేసి వినండి. 12714 శాతవాహన. దయచేసి వినండి. 12728 గోదావరి. ఆలస్యంగా నడుస్తున్నది. ఇలాగే ఇంకో పాతిక బళ్లు. చివర్లో మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

చదవగానే నా లోపలి కవి నిద్ర లేచాడు. (ఆయన అప్పుడప్పుడు అలా లేస్తుంటాడు, నాకు ఇంతవరకు ఏ మేలూ చేయలేదు.) ఇందులో కవిత ఉంది, చెత్త తీసేస్తే బయటపడుతుంది అనిపించింది. నా లెక్కలో చెత్త అంటే నంబర్లు. నంబర్లు తీసేశాను. పాతిక బళ్లను మూడుకి దించాను. చెవికి బాగుంటుందని శాతవాహనను ముందుకు జరిపాను. ఆలస్యం అన్న మాట దగ్గర లైను విరిచాను. ఆ తర్వాత ఒక లైను కలిపాను: గోదావరి ఇంకా రాలేదు.

ఆ లైను నాది. అందులో బండి ఉంది, నది ఉంది, ఎదురుచూపు ఉంది, కావాలంటే కరువు కూడా వెతుక్కోవచ్చు. ఒక చిన్న సాహిత్య సభలో ఆ అబ్బాయి పేరుతో దాన్ని చదివాను. గోదావరి ఇంకా రాలేదు అన్న చోట సభ నిశ్శబ్దమైంది. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. చప్పట్లు పడ్డాయి. అబ్బాయి మాత్రం కుర్చీలోంచి లేచి, మైకు దగ్గరికి వచ్చి, నా చేతిలోని కాగితం లాక్కుని, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకు తిప్పి చూశాడు. తర్వాత నంబర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు ఏడు సున్నా నాలుగు. ఒకటి రెండు ఏడు ఒకటి నాలుగు. గొంతు వణుకుతోంది. సభ అది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడుకు చెవులు మూసుకుని కింద కూచుండిపోయాడు.

బయట మెట్ల దగ్గర ఒకాయన వాళ్లమ్మతో మర్యాదగా మాట కలిపాడు. "బాబు గోదావరి కోసం ఎదురుచూస్తున్నాడంటే, వాళ్ల నాన్నగారు వైజాగ్‌లో ఉంటారామ్మా?" ఆమె తెల్లబోయింది. "ఆయన ఈడనే ఉంటడు సార్, బోయిగూడల. ఇగో, కింద బండి తీస్తుండు. వీడు ఎవరి కోసం ఎదురుసూస్తలేడు. బండ్లంటే వీనికి పాణం, గంతే."

గంతే. నేను ఆ పేజీలో ఒక తండ్రిని, ఒక నదిని, ఒక వేదనను పెట్టాను. వాడు పెట్టింది బళ్లను, అవి వెళ్లే వరసను. వరస తప్పితే వాడికి ఒంట్లో ఏమవుతుందో నాకు తెలియదు. మైకు దగ్గర వాడి ముఖం చూశాక ఊహించగలను.

సంపాదకులందరూ చేసేదే కదా అని కొందరు మిత్రులు ఓదార్చారు. కుదించడం, లైను మార్చడం, ఒక మాట సూచించడం ఏ పత్రికలోనైనా జరిగేవే. నిజమే. కానీ నా రచనను ఎవరైనా సంపాదకుడు మారిస్తే నేను ఫోన్ చేసి పోట్లాడగలను. ఫేస్‌బుక్‌లో రాసి ఆయన్ని రచ్చకీడ్చగలను. మరీ కోపం వస్తే వెనక్కి తీసుకోగలను. ఆ పిల్లవాడి దగ్గర ఉన్నది ఒక్కటే దారి, నంబర్లు బయటకు చెప్పడం. అదీ చప్పట్లలో కొట్టుకుపోయింది. దిద్దేవాడికి, దిద్దించుకునేవాడికి మధ్య పోట్లాట సాధ్యం కానప్పుడు దిద్దడం ఇంకో పని అయిపోతుంది. దానికి తెలుగులో సరైన పేరు ఏమిటో వెతుకుతుంటే ఒక పాత కథ గుర్తొచ్చింది.

1970లలో మెల్‌బోర్న్‌లో రోజ్‌మేరీ క్రాస్లీ అనే ఆవిడ, మాట రాని పిల్లల చేతిని తన చేత్తో ఆనిస్తే వాళ్లు అక్షరాలు చూపించి మాట్లాడగలరని కనిపెట్టానంది. 1990 ప్రాంతంలో డగ్లస్ బిక్లెన్ దాన్ని అమెరికాకు తీసుకెళ్లాడు. ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అని పేరు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని పిల్లలు వాక్యాలకు వాక్యాలు టైపు చేశారు. కవితలు రాశారు. అమ్మా నిన్ను ప్రేమిస్తున్నాను అన్నారు. ఏళ్ల తరబడి ఆ మాట కోసం చూసిన తల్లిదండ్రులు ఏడ్చారంటే ఎవరు తప్పుపడతారు?

తర్వాత పరీక్షించి చూశారు. పరీక్ష చాలా తేలిక. పిల్లవాడికి ఒక బొమ్మ చూపిస్తారు, చెయ్యి పట్టుకున్న మనిషికి ఇంకో బొమ్మ. ఒకరికి ఏం చూపించారో మరొకరికి తెలియదు. పిల్లవాడికి తాళంచెవి, సాయం చేసేవారికి కప్పు చూపిస్తే, టైపయ్యేది కప్పు. మళ్లీ మళ్లీ అంతే. సాయం చేసినవాళ్లలో ఎక్కువమంది మోసగాళ్లు కారు. తాము రాస్తున్నామని వాళ్లకే తెలియదు. మన ఇళ్లలో ప్లాంచెట్ ఆడినవాళ్లకు ఇది అర్థమవుతుంది. గ్లాసును ఎవరూ తొయ్యరు, అది మాత్రం కదులుతుంది. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారం లేదని తీర్మానించింది. ఈలోగా ఆ టైపు చేసిన మాటలను సాక్ష్యంగా తీసుకుని కొన్ని కుటుంబాలు లైంగిక వేధింపుల ఆరోపణలతో కోర్టుల పాలయ్యాయి.

నాకు ఇందులో భయం వేసేది మోసం కాదు, ప్రేమ. ఆ చెయ్యి పట్టుకున్నవాళ్లు పిల్లల మీద నమ్మకంతోనే పట్టుకున్నారు. వీడి లోపల మనలాంటి మనిషి ఒకడు బందీగా ఉన్నాడు, వాణ్ని బయటికి తేవాలి అన్న నమ్మకం. నేనూ అదే నమ్మాను. ఆ పేజీ లోపల నాలాంటి కవి ఒకడు ఇరుక్కున్నాడనుకున్నాను. నా బొమ్మ కప్పు, వాడి బొమ్మ తాళంచెవి. టైపయింది కప్పే.

ఇక్కడే టిటో రాజర్షి ముఖోపాధ్యాయ్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. 1989లో పుట్టాడు, మైసూరు, బెంగళూరుల్లో పెరిగాడు, పెద్దగా మాటలు లేని ఆటిజం. తల్లి సోమ అక్షరాల పలక ముందు పెట్టి నేర్పించింది. 2000లో, ఇంకా పన్నెండు నిండకముందే, బ్రిటన్‌లోని నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ వాళ్లు అతని 'బియాండ్ ది సైలెన్స్' వేశారు. తర్వాత ఇంకా పుస్తకాలు వచ్చాయి. అతను పెన్సిల్ పట్టుకుని తన చేత్తో తనే రాస్తాడని చూసినవాళ్లు రాశారు. అదే సమయంలో, సోమ ప్రచారం చేసిన రాపిడ్ ప్రాంప్టింగ్ పద్ధతిని వాడొద్దని అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో చెప్పింది. పలకను ఇంకొకరు పట్టుకున్నంతకాలం మాట ఎవరిదన్న అనుమానం పోదని. ఒక మనిషి నిజంగా రాయగలడు, ఆ మనిషికి నేర్పిన పద్ధతి ఇంకొకరి నోట్లో మాటలు కుక్కగలదు. రెండూ ఒకేసారి సాధ్యమే. అనుమానిస్తే నిజంగా రాసే మనిషిని అవమానించినట్టు, నమ్మితే మాట్లాడని మనిషి పేరు మీద మనమే మాట్లాడినట్టు. ఈ ఇరుకులోంచి తప్పించుకునే ఉపాయం నా దగ్గర లేదు.

మన దేశంలో ఈ ఇరుకును గుర్తించిన చోటు ఒకటి ఉంది. సాహిత్య అకాడమీ అనుకోకండి, పరీక్ష హాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అంతకుముందున్న ఏడు రకాల వైకల్యాలను ఇరవై ఒకటికి పెంచి, ఆటిజాన్నీ డిస్లెక్సియా వంటి అభ్యసన సమస్యలనూ చేర్చింది. దాని తర్వాత 2018లో కేంద్రం రాత పరీక్షలకు మార్గదర్శకాలిచ్చింది. అభ్యర్థి తన స్క్రైబ్‌ను తనే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని అప్పుడు నియమం పెట్టింది. కారణం తెలుస్తూనే ఉంది. ఎక్కువ చదివినవాడు సొంత జవాబు రాసేస్తాడని భయం. మార్కుల విషయంలో మనకు ఎంత జాగ్రత్త! కవితల విషయంలో మాత్రం సాయం చేసేవాడు ఎంత గొప్ప కవి అయితే అంత మంచిదనుకుంటాం. ఆ ఆదివారం నాకంటే ఒక మెట్టు తక్కువ సాహిత్యం తెలిసినవాడు ఎవడైనా ఆ గదిలో ఉంటే నంబర్లు బతికేవి.

అయితే ముట్టుకోకపోవడమే నీతి అనుకుందామా? కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. సభ తర్వాత పశ్చాత్తాపంలో, పిల్లలు ఏది రాస్తే అది, ఎలా రాస్తే అలా గోడకు అంటించేవాణ్ని. దానికి మంచి పేరు కూడా పెట్టుకున్నాను, గౌరవం అని. ఆ గౌరవాన్ని ఒక అమ్మాయి రెండు నిమిషాల్లో దించేసింది.

ఆమెకు డిస్లెక్సియా. తెలుగు లిపిలో మ, య ఆమెకు కలిసిపోతాయి, ప, వ కలిసిపోతాయి, ఒత్తులు ఏ అక్షరం కిందికి పోవాలో తెలియక తిరుగుతుంటాయి. తెలుగు పలికినట్టే రాస్తాం కదా, మనకు డిస్లెక్సియా రాదు అని గర్వంగా చెప్పేవాళ్లను విన్నాను. పలుకుకూ అక్షరానికీ లంకె గట్టిగా ఉండటం సాయమే, నిజం. కానీ తలకట్టు, గుడి, కొమ్ము, వట్రసుడి, కిందో ఒత్తు, అన్నీ ఒకే అక్షరం చుట్టూ నాలుగు దిక్కులా మూగుతాయి. ఆ అమ్మాయి వాళ్ల నాయనమ్మ మీద రాసింది. వాన అని రాయాల్సిన చోట పాన అని ఉంది. నేను ముచ్చటపడి, 'పాన' అనే వేద్దాం, కొత్తగా ఉంది అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"సార్, నాకు పాన అని రాయాలని లేదు. వాన అనే రాసిన. అది గట్ల పడ్డది. దిద్దుండ్రి. లేకపోతే బళ్లె నవ్వినట్టే ఈడ గూడ నవ్వుతరు."

ఆమె తప్పులో నాకు కనిపించిన కొత్తదనం ఆమెకు ఐదో తరగతి నుంచి తగిలిన దెబ్బ. దాన్ని ఉన్నదున్నట్టు వేయడం అంటే ఆమె చెప్పదలచుకున్నదాన్ని పక్కనపెట్టి ఆమె వైకల్యాన్ని ప్రదర్శనకు పెట్టడం. అబ్బాయి దగ్గర దిద్ది తప్పు చేశాను, అమ్మాయి దగ్గర దిద్దక చేయబోయాను. రెండుసార్లూ నేను అడగలేదు. ఆమెను అడగడం తేలిక, ఆమె చెబుతుంది, గట్టిగానే చెబుతుంది. వాణ్ని అడగడం ఎలా? అడిగితే నా ప్రశ్ననే తిరిగి నాకు చెబుతాడు. "ఇది మార్చనా?" అంటే "ఇది మార్చనా" అంటాడు. అది ఒప్పుకోలా, వద్దనడమా, వినబడిందనడమా?

అలా తిరిగి పలకడాన్ని ఎకోలాలియా అంటారు. చాలాకాలం దాన్ని అర్థం లేని చప్పుడుగా, మాన్పించాల్సిన అలవాటుగా చూశారు. మన దగ్గర ఇప్పటికీ చూస్తారు. కానీ ఆటిజం మీద 1943లో పదకొండు మంది పిల్లల గురించి మొదటి వ్యాసం రాసిన లియో కానర్‌కే ఇందులో ఇంకేదో ఉందని అనుమానం వచ్చింది. మూడేళ్ల తర్వాత, 1946లో, ఈ పిల్లల అసందర్భపు మాటల మీదే ఇంకో వ్యాసం రాశాడు. అందులో ఒక పిల్లవాడు గిన్నె లాంటిది ఏది కనిపించినా ఒక బాలగీతంలోని రెండు మాటలు అంటుంటాడు. వాడికి రెండేళ్లప్పుడు వాళ్లమ్మ వంటింట్లో ఆ గీతం పాడుతుండగా చేతిలోంచి గిన్నె జారి పడింది. అంతే సంగతి. అప్పటినుంచీ వాడికి గిన్నె పేరు ఆ రెండు మాటలే. అది రూపకమే అన్నాడు కానర్. మన రూపకాలు అందరికీ తెలిసిన పోలిక మీద నిలుస్తాయి, వాడిది వాడికీ వాళ్లమ్మకీ తెలిసిన ఒక మధ్యాహ్నం మీద నిలిచింది. 1981లో బారీ ప్రిజాంట్, జుడిత్ డచన్ ఇలాంటి పిల్లల మాటలను ఓపిగ్గా పరిశీలించి, తిరిగి పలకడంలో ఎన్నో పనులున్నాయని చూపించారు. ఒకసారి అది అవుననడం, ఒకసారి తనలో తాను ఆలోచించుకోవడం, ఒకసారి మాటలో తన వంతు తీసుకోవడం.

నీళ్లు ఒలికినప్పుడు మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అనడం వీటిలో ఏ పనో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. మనం సారీ అంటాం. అదీ ఎక్కడో విన్న మాటే, మనం పుట్టించింది కాదు. వాడి మాటలో బహువచనం ఉంది, శాఖ తరఫున క్షమాపణ ఉంది, అంతే తేడా.

అసలు తిరిగి తిరిగి అదే మాట అనడం మీద తెలుగువాళ్లకు చిన్నచూపు ఎప్పటినుంచి? మన శతకంలో వంద పద్యాలు ఎటు తిరిగినా చివరికి ఒకే మకుటం దగ్గరికి రావాలి. రాకపోతే అది శతకం కాదు. కీర్తన పల్లవికి తిరిగొస్తుంది. అష్టావధానంలో ఒకాయన మధ్యమధ్య గంట కొడుతుంటాడు, అవధాని పద్యాలు చెబుతూనే అవి ఎన్ని గంటలో లోపల లెక్కపెట్టుకుని చివర్లో చెబుతాడు. అంకె సరిపోతే సభ లేచి నిలబడుతుంది. ఇంకొకాయన పనే అప్రస్తుత ప్రసంగం, అంటే అవధాని దృష్టి చెదరగొట్టడం. ఇదంతా మనకు సాహిత్యమే. ఒక పదమూడేళ్లవాడు పాతిక బళ్ల నంబర్లు వరస తప్పకుండా రాసి, ప్రతి రెండింటి మధ్యా దయచేసి వినండి అని మకుటం పెడితే, దాన్ని చెత్త అని తీసేసినవాడు తెలుగు ఎం.ఏ. నేనే.

డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ సామాజిక శాస్త్రవేత్త 2012లో ఒక మాటన్నాడు. ఆటిస్టిక్ మనుషులకు ఎదుటివాళ్ల మనసు అర్థం కాదని అందరూ అంటారు, ఎదుటివాళ్లకు ఆటిస్టిక్ మనుషుల మనసు అర్థం కావడం లేదు కదా, దాన్ని లోపమని ఎందుకు అనరు అని. నా సభలో తేలింది అదే. వాడికి సభ అర్థం కాలేదు, ఒప్పుకుంటాను. సభకు వాడు అర్థం కాలేదన్నది ఎవరూ గమనించలేదు, ఎందుకంటే వాళ్లు ఏడ్చారు. ఏడుపు వస్తే అర్థమైనట్టే అనుకుంటాం.

తల్లిదండ్రుల గురించి కూడా ఒక మాట. కొత్తగా వచ్చే ప్రతి అమ్మా నాన్నా అడిగే మొదటి ప్రశ్న, "రాస్తే ఇంప్రూవ్‌మెంట్ ఉంటదా సార్?" ఇదివరకు ఈ ప్రశ్నకు మొహం చిట్లించేవాణ్ని. సాహిత్యం మందు కాదండీ అని ఉపన్యాసం. ఇప్పుడు చిట్లించను. వాళ్లలో కొందరు బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థకు బిడ్డల్ని తిప్పినవాళ్లు, స్పీచ్ థెరపీకీ ఆక్యుపేషనల్ థెరపీకీ నెలజీతంలో పెద్ద ముక్క పెట్టేవాళ్లు. ఆ సంస్థ బోర్డు మీద ఒకప్పుడు మెంటల్లీ హ్యాండీక్యాప్డ్ అని ఉండేది, ఇప్పుడు దివ్యాంగజన్ అని ఉంది. మందబుద్ధి నుంచి దివ్యాంగుల దాకా, అక్కడి నుంచి న్యూరోడైవర్జెంట్ దాకా మాటలు మారుతుంటే, ఆ తల్లులు మాత్రం అదే బస్సులో వెళ్తున్నారు. వాళ్లకు ఫలితం అడిగే హక్కు ఉంది. నేను ఉండొచ్చు, ఉండకపోవచ్చు అంటాను. ఇద్దరు ముగ్గురు తర్వాతి వారం రారు. అదీ సరైనదే.

నాకు ఇంకా చిరాకు కలిగించేది వేరే ప్రశ్న. దాన్ని అడిగేది సాహిత్యం తెలిసినవాళ్లే. "వీళ్లు మనకు కనిపించనిది చూస్తారు కదా?" ఒక్కోసారి చూస్తారు. మిగతా అన్ని సార్లూ అందరు పిల్లల్లాగే బోరు కొట్టేది రాస్తారు. మా గదిలో ఏడీహెచ్‌డీ ఉన్న ఒకడి దగ్గర పదకొండు నవలల మొదటి పేజీలున్నాయి. పదకొండిట్లోనూ మొదటి వాక్యంలోనే ఎవడో ఒకడు పేలిపోతాడు. వాడికి మనకు కనిపించనిది ఏమీ కనిపించదు, పేలుళ్లంటే ఇష్టం. మామూలుగా రాసే హక్కు, పనికిరానిది రాసే హక్కు మనందరికీ ఉంది. నేను నిండుగా వాడుకున్నాను కూడా. ఈ పిల్లలు మాత్రం ఒక పేజీ ముట్టుకుంటే అది అద్భుతం అయితీరాలి, లేకపోతే చికిత్స అయినా కావాలి.

బోయిగూడ అన్న పేరు బోయీల వల్ల వచ్చిందంటారు, పల్లకీలు మోసినవాళ్ల వల్ల. బోయీకి పల్లకీ బరువు తెలుసు, దారిలో గుంతలు తెలుసు. ఎక్కడికి వెళ్లాలో చెప్పేది లోపల కూచున్న మనిషి. మోసేవాడు తనకు నచ్చిన గుడి ముందు పల్లకీ దించి, మీకు దర్శనం చేయించాను అంటే ఒప్పుకోరు. ఈ పోలిక ఎంత దూరం వస్తుందో నాకు అనుమానమే. లోపలి మనిషి నోరు విప్పకపోతే బోయీ ఏం చేస్తాడు? నిలబడతాడేమో. కాసేపు ఊరికే బరువు మోస్తూ నిలబడటం కూడా ఆ పనిలో ఒక భాగమేమో.

ఆ అబ్బాయి సభ తర్వాత నాలుగు నెలలు గదికి రాలేదు. వాళ్లమ్మ ఏమీ అనలేదు, అదింకా కష్టంగా ఉండింది. నేను పాత పేజీని నంబర్లతో సహా, వాడి వరసలో, నా లైను లేకుండా మళ్లీ రాసి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. వాడు వేలు పెట్టి మొత్తం చూసుకున్నాడు. పద్నాలుగో బండి దగ్గర నేను ఒక అంకె తప్పు రాశాను. పెన్ను తీసుకుని దిద్దాడు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అన్నాను నేను. అప్పుడు నవ్వాడని చెబితే బాగుంటుంది కానీ నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు వాడికి పదహారు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు, సికింద్రాబాద్ స్టేషన్‌ను కొత్తగా కడుతున్నారు కాబట్టి కొన్ని బళ్లను అటు మార్చారు. మనకు అది ఇంకో గంట ట్రాఫిక్. వాడికి చిన్నప్పటి నుంచి విన్న వరస చెదిరిపోవడం. కొన్ని వారాలు నిద్రపోలేదని వాళ్లమ్మ చెప్పింది. తర్వాత మొత్తం వరస మళ్లీ రాశాడు, ఉన్న బళ్లూ పోయిన బళ్లూ కలిపి మూడు పేజీలు. పోయినవాటి పక్కన ఇక్కడికి రాదు అని రాశాడు. అది ఏ అనౌన్స్‌మెంట్‌లోనూ నేను వినలేదు. వాడి సొంత మాటేనేమో. లేక నేను వినని ఏ అనౌన్స్‌మెంట్‌లోదో. ఈసారి ఊహించడం మానుకున్నాను.

ఆ మూడు పేజీలూ డిపో కింద, మెట్ల పక్క గోడకు అంటించాలని వాడే చూపించాడు, వేలితో. గదిలో కాదు, కింద. అక్కడ పనివాళ్లు భోజనాల వేళ కూచుంటారు. సాహిత్య మిత్రులు ఎవరైనా వస్తే రెండో లైను దాకా చదివి, బాగుంది అని పైకి వచ్చేస్తారు.

పోయిన నెల ఒక ఆదివారం మెట్లు దిగుతుంటే ఆ గోడ ముందు డిపోలో దుంగలు మోసే ఒకతను నిలబడి ఉన్నాడు. బీహార్ మనిషి, తెలుగు చదవడం రాదు. అబ్బాయి పక్కనే ఉన్నాడు. అతను పేజీ మీద పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ వచ్చి ఒక నంబర్ దగ్గర ఆపాడు. 12791. "దానాపూర్," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. అబ్బాయి అతని వైపు తిరిగాడు. దయచేసి వినండి అని మొదలుపెట్టి, బండి నంబర్ ఒక్కొక్క అంకె చొప్పున చెప్పి, సికింద్రాబాద్ నుంచి దానాపూర్ వెళ్లు ఎక్స్‌ప్రెస్ అని పూర్తిగా అనౌన్స్ చేశాడు. అతను మొత్తం అయ్యేదాకా విన్నాడు. తర్వాత వేలు ఇంకో నంబర్ మీదికి జరిపాడు.